వేపమండ కట్టిన చేలు

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజు పేరు మనకు అక్కర్లేదు, ఈ కథలో ఆయన చేసిన పనీ పెద్దగా లేదు. ఆ రాజ్యం అంచున, ఎండ ఎక్కువా వాన తక్కువా ఉండే చోట, రెండు ఊళ్లు ఉండేవి పిల్లలూ. గుట్ట మీద ఒకటి, దాని పేరు మందగుట్ట. గుట్ట కింద నల్లరేగడి నేలలో ఒకటి, దాని పేరు జొన్నవరం.

మందగుట్టలో గొర్రెలూ మేకలూ నాలుగు ఆవులూ కాచుకునే గొల్లలు ఉండేవారు. జొన్నవరంలో జొన్న పండించుకునే రైతులు ఉండేవారు. గొర్రెలు మాట్లాడే కథ కాబోలు అని చెవులు రిక్కించకండి. ఇందులో గొర్రెలు మాట్లాడవు. మాట్లాడుకోవలసిన మనుషులే మాట్లాడుకోలేదు, పాపం గొర్రెలను అడిగి ఏం లాభం?

ఏటా జొన్నకోత ముగియగానే మందలు గుట్ట దిగేవి. పగలంతా కోసిన చేలలో మోళ్లు మేసేవి. పొద్దు వాలాక రైతు ఏ చేను చూపిస్తే ఆ చేలో చుట్టూ తడికలు పెట్టి మందను పడుకోబెట్టేవారు. దీన్ని మంద కట్టడం అంటారు. ఒక్కో చేలో మూడు రాత్రులు మంద పడుకుంటే చాలు, ఆ ఎరువుకు మరుసటి ఏడు కంకులు మోయలేక జొన్న వంగిపోయేది. అందుకు బదులుగా రైతులు గొల్లలకు ఏడాదికి సరిపడా జొన్నలు ఇచ్చేవారు.

ఆడవాళ్ల ఇచ్చిపుచ్చుకోలు వేరే ఉండేది. పొద్దున్నే గుట్ట మీది ఆడవాళ్లు మజ్జిగ దుత్తలు నెత్తిన పెట్టుకుని దిగేవారు. చేటెడు జొన్నలు ఒడిలో పోయించుకుని ఎక్కేవారు. కింది పిల్లల సంకటిలోకి పైవాళ్ల మజ్జిగ. పైపిల్లల మజ్జిగలోకి కిందివాళ్ల సంకటి. ఎవరి కూడు ఎవరు తింటున్నారని అడిగే తెలివితక్కువవాళ్లు అప్పటికింకా రెండూళ్లలోనూ పుట్టలేదు.

ఇంకొక కట్టుబాటు ఉండేది. ఈ కథకంతా అదే ప్రాణం, కాబట్టి కాస్త నిదానంగా వినండి. పచ్చజొన్న చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ, దాన్ని ఎప్పుడు పడితే అప్పుడు పశువుకు మేపకూడదు. వాన మొహం చాటేస్తే లేత జొన్న ఎదగక గిడసబారిపోతుంది. అప్పుడు ఆ ఆకులో ఒక విషం ఊరుతుంది. దాన్నే నాము అంటారు. నాము పట్టిన ఆకు మేసిన పశువు ఎంతోసేపు ఉండదు, నురగలు కక్కుకుని పడిపోతుంది. కోసిన మోళ్లు అకాలపు వానకు మళ్లీ చిగిర్చినా అంతే.

అందుకని ఏ చేలో నాము ఉంటే ఆ చేను గట్టున ఒక కర్ర పాతి, దాని కొసకు వేపమండ కట్టేవారు. వేపమండ కంటపడితే చాలు, గొల్లవాడు ఎంత ఆకలిగొన్న మందనైనా పక్కకు మళ్లించేవాడు. నిజమేనా అని అడిగినవాడు లేడు. తాతల నాటి నుంచి ఒక్కనాడు కూడా లేడు.

ఆ మండ కట్టే పని పోలవ్వది.

పోలవ్వకు చేనూ లేదు, మందా లేదు. ఆమె జొన్నవరం కావలిమనిషి. పంటకాలంలో మంచె ఎక్కి వడిసెల తిప్పి పిట్టలను తోలేది. చేలన్నీ చుట్టి వచ్చేది. ఆకు రంగు చూసి ఇది మంచిది, ఇది నాము అని చెప్పేది. ఆమె కన్ను తప్పిన రోజు లేదు. కోత అయ్యాక నేల రాలిన కంకులు ఏరుకునే హక్కు ఆమెకు ఇచ్చారు. దాన్ని పరిగె అంటారు. ఏడాది పొడుగునా ఆ పరిగె గింజలతోనే ఆమె పొయ్యి వెలిగేది.

ఆమె ఇంట్లో ఇంకొక నోరు ఉండేది. మనవరాలు గంగి, ఐదేళ్లది. తల్లినీ తండ్రినీ ఒకే జ్వరం తీసుకుపోయింది. గంగి సంకటి ముద్ద మధ్యలో వేలితో గుంట చేసి, అందులో మజ్జిగ పోయించుకునేది. కాసేపటికి ఒక పక్క గండి కొట్టి, మజ్జిగ కంచంలోకి పారుతుంటే పకపకా నవ్వేది. ఆ మజ్జిగ పోసేది మందగుట్ట పెద్ద బీరప్ప భార్య ఈరమ్మ. గుట్ట దిగగానే ఆమె మొదట ఆగేది పోలవ్వ గుమ్మంలోనే. గంగి కంచంలో పోసిన మజ్జిగకు ఆమె ఏనాడూ గింజలు తీసుకోలేదు.

"ఇదేం తిండే గంగీ, తినేదానికంటే ఆడేదే ఎక్కువ ఉండాదే!" అని ఈరమ్మ మురిసిపోయేది.

ఇలా ఉండగా ఒక ఏడు గుట్ట మీద గడ్డి ముందే ఎండిపోయింది. మందలు ఐదు రోజులు ముందుగా దిగాయి. జొన్నవరం పెద్దకాపు కోనారెడ్డి చేలో ఒక మూల ఇంకా కోత మిగిలే ఉంది. ఓ పది గొర్రెలు అటు పడి నాలుగు వరసలు కొరికేశాయి.

కోనారెడ్డి చెడ్డవాడు కాదు. ఈ మాట మీరు గుర్తుపెట్టుకోవాలి. పొద్దుటి నుంచి ఎండలో కొడవలి పట్టి ఉన్నాడు, అన్నం ఇంకా రాలేదు. కేకలు వేసుకుంటూ వచ్చాడు. బీరప్ప ఎదురెళ్లి చేతులు పట్టుకున్నాడు.

"తప్పయిపోయింది అన్నా. ఆకలి గొర్రెలు, చెయ్యి జారినాయి. నీ చేలో ఒక రాత్రి మంద ఎక్కువ కడతాలే, సరిపోతాది."

అంతటితో పోవలసింది. చుట్టూ పదిమంది రైతులు నిలబడి చూస్తున్నారు. పదిమంది చూస్తుంటే మగవాడి నోటికి తాళం ఉండదు కదా!

"నీ గొర్రెల పెంట కోసం మేం కాచుకోని కూచుండామనుకుంటివా?" అన్నాడు కోనారెడ్డి.

బీరప్ప చేతులు వదిలేశాడు. "పెంటా?" అన్నాడు. "సరే రెడ్డీ. ఈ యేడు మీ ఊర్లో ఒక్క చేలో కూడా మంద కట్టం. మా పెంట మేమే మోసుకోని పోతాం."

అంతకుముందే అన్నా అని పిలిచిన నోరు, మరుక్షణం రెడ్డీ అంది. మందలు వాగు దాటి వేరే ఊళ్లకు వెళ్లిపోయాయి. ఆడవాళ్ల మజ్జిగ దుత్తలు మాత్రం దిగుతూనే ఉన్నాయి.

పోలవ్వ ఆగలేక కోనారెడ్డి ఇంటికి వెళ్లింది. "సామీ, కోపంలో ఒక మాట జారినావు. పోయి ఆ ఒక్కమాట వెనక్కి తీసుకో. మంద దిగకపోతే నేల చచ్చిపోతాది."

"ఊరి పెద్దను నేనా, నువ్వా?" అన్నాడు కోనారెడ్డి.

ఆమె మోకాళ్లు పట్టుకుంటూ గుట్ట ఎక్కి బీరప్ప దగ్గరికీ వెళ్లింది. "నాయనా, రెడ్డి మాటను గాలికి వదిలెయ్. జొన్నలు లేకుండా మీ పిల్లోళ్లు ఎట్ల బతుకుతారు?"

"ఆ ముక్క రెడ్డినొచ్చి చెప్పమనవ్వా. అప్పుడు వింటా" అన్నాడు బీరప్ప.

తగవు రాజుగారి దాకా పోయింది. రాజుగారు ఒక అధికారిని పల్లకీలో పంపారు. ఆయన పొద్దున గుట్ట మీద వేటమాంసం తిన్నాడు, సాయంత్రం గుట్ట కింద నేతి అరిసెలు తిన్నాడు. తిని, మూతి తుడుచుకుని, "ఇరు గ్రామములవారును సఖ్యముగా మెలగవలెను" అని తీర్పు చెప్పి పల్లకీ ఎక్కాడు. మెలగడం ఎలాగో మాత్రం చెప్పలేదు. అది ఆయనకూ తెలియదు.

మరుసటి ఏడు పంట సగానికి సగం పడిపోయింది. కంకి కంకిగా లేదు, తోక మాదిరి వేలాడింది. నేలకు ఎరువు లేదన్న సంగతి రైతులకు తెలియదా? తెలుసు. కానీ ఆ మాట అంటే కోనారెడ్డిది తప్పని అన్నట్టే. అందుకని వాళ్లంతా కలిసి, "గొల్లోళ్ల ఉసురు తగిలింది, అందుకే పండలేదు" అన్నారు. కడుపు మండిన మనిషికి కారణం కంటే పగవాడే తొందరగా దొరుకుతాడు పిల్లలూ.

పైన గుట్ట మీదా అంతే. పరాయి ఊళ్లలో మంద కడితే వాళ్లు ఇచ్చిన జొన్నలు పిల్లల చిరుతిండికి చాలలేదు. ఈనడానికి సిద్ధంగా ఉన్న గొర్రెలను తక్కువకు ఇచ్చి గింజలు తెచ్చుకున్నారు. చివరికి బీరప్పే దిగివచ్చాడు. కోత కాగానే మందలను జొన్నవరం వైపు తోలాడు. మోళ్లు మేపుకోనిస్తే మంద కడదాం, జరిగిందేదో జరిగిపోయింది అని మనసులో అనుకున్నాడు. పైకి మాత్రం అనలేదు. అని ఉంటే ఎంత బాగుండేది!

మందలు దిగుతున్నాయని తెలిసి రైతులు గుమిగూడారు. "నిరుడు మంద కట్టనోళ్లకు ఈ యేడు మోళ్లు ఏంటికి?" అన్నారు. కానీ అన్ని చేలకు కాపలా ఎవరు కాస్తారు? కంచె వేయడానికి అంత ముల్లుకంప ఎక్కడిది? అప్పుడు ఎవరో ఒక పెద్ద తెలివైనవాడు, వాడి పేరు చెప్పడం కూడా నాకు ఇష్టం లేదు, "వేపమండలు కట్టేస్తే సరి!" అన్నాడు.

అందరూ నవ్వారు. కోనారెడ్డి పోలవ్వను పిలిపించాడు.

"అవ్వా, ఊర్లో ఉండే అన్ని చేలకూ మండలు కట్టు."

పోలవ్వకు అర్థం కాలేదు. "నాము యాడుంది సామీ? మోళ్లు ఎండి పుల్లలయిండాయి. చినుకు పడలేదు, చిగురు లేదు. నాము లేని చేనికి మండ కట్టేదెట్ల?"

"కట్టమంటే కట్టు. కట్టకపోతే ఈ యేడు పరిగె లేదు."

పోలవ్వ ఇంటికి వచ్చింది. గింజల కుండలోకి చెయ్యి పెడితే అడుగు తగిలింది. గంగి ఎప్పుడో తిన్న కంచాన్ని మళ్లీ తెచ్చుకుని వేలితో తుడిచి నాకుతోంది.  పోలవ్వ కొడవలి తీసుకుని వేపచెట్టు దగ్గరికి నడిచింది.

తప్పే. నేను కాదనను. కానీ ఆ కంచం చూసి ఉంటే నేనైతే ఏం చేసేవాణ్ణో నాకు తెలియదు.

మందలు వచ్చాయి. ఏ గట్టున చూసినా వేపమండ. బీరప్ప ఆశ్చర్యపోయాడు. ఎండిన మోళ్లలో నాము ఏమిటా అని తల గోక్కున్నాడు. ఈరమ్మ పోలవ్వ దగ్గరికి వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"అవ్వా, గొర్రెలు డొక్కలు ఎండి ఉండాయి. నువ్వు చెప్పు. నిజంగా నామేనా?"

పోలవ్వ ఆమె కళ్లలోకి చూసింది. "నామేనమ్మా" అంది.

ఈరమ్మ ఇంకొక్క మాట అడగలేదు. "మందను తిప్పండి, అవ్వ చెప్పింది" అని కేక వేసింది. ఆకలి మీద ఉన్న మంద మొత్తం ఎండుమోళ్లను చూసుకుంటూ వెనక్కి మళ్లింది. పోలవ్వ మంచె మీద కూర్చుని, గొర్రెలు గుట్ట మలుపు తిరిగేదాకా తల ఎత్తలేదు.

అబద్ధం మూడు రోజులు బతికింది. మూడో రోజు మంద నుంచి తప్పిపోయిన ఒక ముసలిమేక చేలో దూరి, పొద్దు వాలేదాకా మోళ్లు మేసింది. మేసి, హాయిగా గట్టున పడుకుని నెమరు వేసుకుంది. దాన్ని వెతుక్కుంటూ వచ్చిన గొల్లలు ఆ నెమరు చూశారు.

మర్నాడు పొద్దున ఈరమ్మ వచ్చింది. గుమ్మం దగ్గర ఆగింది, లోపలికి రాలేదు. గంగి కంచం పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"అవ్వా, మా మేక బతికే ఉండాది" అంది ఈరమ్మ.

అంతే అంది. తిట్టలేదు, శాపం పెట్టలేదు. వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే పోలవ్వకు కాస్త ఊరటగా ఉండేది. ఆ రోజు నుంచి జొన్నవరంలో మజ్జిగ దుత్త దిగలేదు. గంగి ఉత్త సంకటి తినడం నేర్చుకుంది. గుంట చేయడం మానేసింది.

ఎత్తు బయటపడిపోయిందని తెలిసి రైతులు సిగ్గుపడ్డారా? లేదు. గొల్లలు ఇక ఆగరు, మోళ్లన్నీ మేసేస్తారు అని ఆ మధ్యాహ్నమే చేలకు నిప్పు పెట్టారు. మోళ్లు కాలాయి. మోళ్లతో పాటు నేల రాలిన కంకులూ కాలాయి. ఏ పరిగె కోసం పోలవ్వ అబద్ధపు మండ కట్టిందో ఆ పరిగె బూడిదైపోయింది. కోనారెడ్డి రెండు దోసిళ్ల జొన్నలు పంపించాడు. ఆమె వాటిని వద్దనలేకపోయింది.

మూడో ఏడు వచ్చింది. విత్తడానికి సరిపడా ఒక్క వాన కురిసి, మబ్బు మళ్లీ కనిపించలేదు. జొన్న మోకాటి ఎత్తు దాకా వచ్చి ఆగిపోయింది. ఆకులు చుట్టుకుపోయి నల్లపచ్చగా నిగనిగలాడాయి. పోలవ్వ ఒక ఆకు తుంచి చూసింది. నాము. పక్క చేను చూసింది. నాము. ఊరు ఊరంతా తిరిగి చూసింది. ఎక్కడ చూసినా నామే.

కోనారెడ్డి కూడా చూశాడు. 

"కట్టవ్వా" అన్నాడు మెల్లగా. "ఈసారి నిజంగానే."

పోలవ్వ ఒక్కో మండనూ రెండు ముళ్లు వేసి కట్టింది. రెండు ముళ్లు వేస్తే జనం ఎక్కువ నమ్ముతారా పిల్లలూ? నమ్మరు. కానీ ఆమె చేతనైనది అదొక్కటే.

గుట్ట మీద గడ్డిపోచ లేదు. గొల్లలు రేగుకంప కొమ్మలు కొట్టి మేపారు, అవీ అయిపోయాయి. మందలు మూడు రోజులు ఉపవాసం ఉన్నాయి. నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం బీరప్ప మందను కిందికి దింపాడు. మేకలు, గొర్రెలు, నాలుగు ఆవులు, అన్నీ. కింద మోకాటి ఎత్తు పచ్చదనం. దాని చుట్టూ వేపమండలు.

మంచె మీది నుంచి పోలవ్వ గొంతు చించుకుంది. "నాము! నాము! దించొద్దు నాయనా!"

గొల్లలు తల ఎత్తి చూశారు. ఒకడు నవ్వాడు. మంద నడుస్తూనే ఉంది.

ఆమె మంచె దిగింది. దిగడం కాదు, పడింది. లేచి పరుగెత్తి మందకు ముందు నడిచే పొట్టేలు కొమ్ములు రెండు చేతులా పట్టుకుంది. "నన్ను తొక్కి పో! చేలోకి మాత్రం పోవద్దు!"

బీరప్ప వచ్చి ఆమె చేతులు విడిపించాడు. గట్టిగా కాదు, నెమ్మదిగానే విడిపించాడు.

"అవ్వా, నిరుడు మండలు కట్టింది నువ్వే కదా?"

"నేనే."

"అది నిజమా?"

"కాదు నాయనా, అబద్ధం. ఈ యేడు నిజం."

"నిరుడు కూడా నిజమనే కదా చెప్పినావు?"

 "గంగి మీద ఒట్టు" అంది పోలవ్వ. "నాకుండేది అదొక్కటే. దాని తల మీద ఒట్టు పెట్టి చెప్తాండా. ఇది నాము."

 బీరప్ప మంద వైపు చూశాడు. ఒక గొర్రె నిలబడలేక ముందుకాళ్ల మీద కూలబడుతోంది. ఆయన ఈరమ్మ వైపు తిరిగాడు. నువ్వేమంటావు అన్నట్టు చూశాడు.

ఈరమ్మ పోలవ్వ దగ్గరికి వచ్చింది. ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది.

"నిరుడు కూడా ఇట్లనే నా కళ్లలోకి చూసి చెప్పినావు అవ్వా" అంది. "అప్పటి చూపుకూ ఇప్పటి చూపుకూ నాకు తేడా తెలీడం లేదు."

బీరప్ప కర్ర దించాడు. మంద చేలోకి పోయింది.

మొదట పడింది ముందు నడిచే పొట్టేలే. తరువాత మేకలు. తరువాత ఎన్ని పడుతున్నాయో చూసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. గొల్ల ఆడవాళ్లు పడిన గొర్రె మీద పడి ఏడుస్తూ, నిలబడ్డ గొర్రెను లాగుతూ అటూ ఇటూ పరుగెత్తారు. ఆకలి మీదున్న మందను పచ్చదనం నుంచి లాగడం మనుషుల వల్ల అయ్యే పని కాదు.

నాముకు విరుగుడు బెల్లం నీళ్లు. అది జొన్నవరంలో ప్రతి ఇంటికీ తెలుసు. అరుపులు విని కోనారెడ్డి ఇంట్లో ఉన్న బెల్లమంతా కడవలో కలిపి, తానే భుజాన ఎత్తుకుని పరుగెత్తుకొచ్చాడు. ఆయన వెనక రైతుల ఆడవాళ్లు చెంబులతో వచ్చారు. మూడేళ్లలో వాళ్లు చేసిన ఒక్క మంచిపని అదే.

బీరప్ప కర్ర ఎత్తి అడ్డం నిలబడ్డాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"దగ్గరికి రావద్దు. అందులో ఏం కలిపినారు?"

"బెల్లం, బీరప్పా! ఒట్టి బెల్లం నీళ్లు! తాపు, బతుకుతాయి!"

"మండలతో ఆడుకున్నోళ్లు నీళ్లతో ఆడుకోరా?"

కోనారెడ్డి కడవలోంచి దోసెడు తీసి తానే తాగాడు. మీసాలకు బెల్లం నీళ్లు కారుతుండగా, "చూడు తమ్ముడా, చూడు!" అని మొత్తుకున్నాడు. తమ్ముడా అనే మాట మూడో ఏటికి గానీ రాలేదు. బీరప్ప కర్ర కిందపడేసి కడవ అందుకునేసరికి, తాగడానికి నోరు తెరిచే గొర్రె మిగలలేదు. ఆవులూ మిగలలేదు. ఇద్దరు పెద్దమనుషులూ ఆ కడవకు చెరో పక్క నిలబడి చిన్నపిల్లల్లా ఏడ్చారు.

ఆ తరువాతది చెప్పాలంటే నాకు నోరు రావడం లేదు. అయినా మొదలుపెట్టాను కాబట్టి చెప్పాలి.

జొన్న ఒక్క గింజ పండలేదు. పాడికి పశువు లేదు. గొర్రెనిచ్చి గింజలు తెచ్చుకుందామంటే గుట్ట మీద గొర్రె లేదు. జొన్నవరంవాళ్లు ముందు ఉన్న గింజలు తిన్నారు, తరువాత విత్తనాలకు దాచిన గింజలు తిన్నారు. మందగుట్టవాళ్లు గడ్డలు తవ్వుకుని తిన్నారు, తరువాత అవీ దొరకలేదు. కింద ఊరికీ పైఊరికీ ఇప్పుడు తేడా లేదు. ఇద్దరి పొయ్యిల్లోనూ పిల్లి పడుకుంది.

గంగి మొదట్లో సంకటి కావాలని ఏడ్చేది. పోలవ్వ చింతగింజలు వేయించి, నానబెట్టి, దంచి పెట్టేది. గంగికి అవి అరిగేవి కావు. కొన్నాళ్లకు గంగి ఏడవడం మానేసింది. మరికొన్నాళ్లకు అడగడం మానేసింది. పిల్లలూ, ఆకలైన బిడ్డ అడిగినంతసేపూ ఇంటికి భయం లేదు. అడగడం మానేస్తేనే భయం.

ఎండలు ముదరక ముందే గంగి పోయింది.

ఊరు ఊరంతా వచ్చి నిలబడింది. గుట్ట మీది నుంచి ఈరమ్మ కూడా దిగివచ్చింది. పోలవ్వ పక్కన నేల మీద కూర్చుంది.

"ఆ పొద్దు నువ్వు చెప్పింది నిజమే అవ్వా" అంది. "నేనే నమ్మలేదు. నేను నమ్మి ఉంటే..."

పోలవ్వ ఆమె నోరు మూసింది. "నువ్వు నమ్మినావు తల్లీ. నమ్మాల్సిన దానికంటే ఒక ఏడు ముందే నమ్మినావు. నీ నమ్మకాన్ని అప్పుడే తినేసినాం. నిజం చెప్పే పొద్దుకు అది మిగల్లేదు."

ఆ ఇద్దరు ఆడవాళ్లూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఏడ్చినంత మాత్రాన ఎవరూ తిరిగి రాలేదు.

ఇక్కడితో అయిపోయిందనుకుంటున్నారా? దేవుడికి కూడా ఒక్కోసారి వేళాకోళం ఎక్కువవుతుంది. మరుసటి ఏడు వానలు కురిశాయి. ఎలాంటి వానలు! తాతలు కూడా చూడని వానలు. గుట్ట మీద గడ్డి నడుము ఎత్తు పెరిగి గాలికి ఊగింది. మేసే నోరు లేదు. నల్లరేగడి నేల వేలు పెడితే దిగబడేంత పదునెక్కింది. విత్తే గింజ లేదు. కోనారెడ్డి పదునెక్కిన చేలో నిలబడి మట్టి చేతిలోకి తీసుకున్నాడు. బీరప్ప గడ్డిలో నిలబడి చేతికర్రతో గడ్డిని అటూ ఇటూ కదిపాడు. ఇద్దరికీ చేయడానికి వేరే పని లేదు.

చివరికి రెండూళ్లవాళ్లూ మూటలు కట్టుకుని ఒకే దారిన నడిచారు. పట్నంలో రాజుగారు గంజిసత్రం పెట్టించారని ఎవరో చెప్పారు. వాళ్లు వెళ్లేసరికి వరస కోట గోడ దాకా ఉంది. అందరూ ముంతలు పట్టుకుని నిలబడ్డారు. బీరప్ప ముందు. అతని వెనక కోనారెడ్డి. కోనారెడ్డి వెనక ఈరమ్మ, ఆమె చెయ్యి పట్టుకుని పోలవ్వ.

గంజి పోసేవాడు గరిటె ఎత్తి అడిగాడు. "ఏ ఊరు?"

బీరప్ప మందగుట్ట అనబోయి ఆగాడు. వెనక్కి తిరిగి కోనారెడ్డి మొహం చూశాడు. కోనారెడ్డే ముందుకు వచ్చి, "అందరం ఒకే ఊరు సామీ" అన్నాడు.

గంజి పోసేవాడికి అదంతా పట్టలేదు. ముంతలు నింపుతూ పోయాడు. పోలవ్వ వంతు వచ్చింది.

"ఎంతమందికి?" అన్నాడు.

"ఒక్కదానికే నాయనా" అంది పోలవ్వ.

కోనారెడ్డి ఆ మాట విన్నాడు. ముంతలో గంజి వేడిగా ఉంది, మూడు రోజులుగా ఆయన ఏమీ తినలేదు. అయినా ఆ గంజి ఆయన గొంతు దిగలేదు.

కాబట్టి వినండి పిల్లలూ, ఎదుటివాడి తిండికి అబద్ధాన్ని అడ్డం కట్టిన ఊరు, నిజం చెప్పి అందరినీ కాపాడుకోవలసిన రోజున తన బిడ్డ కంచాన్ని కూడా కాపాడుకోలేదు.